ఊరి పేరే జట్టు పేరు: ఐర్లండ్ గ్రామ క్లబ్ స్లాట్‌నీల్ చరిత్ర

సూరత్‌లోని లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో తెలుగు కుటుంబాలు తరాలుగా ఉంటున్నాయి. మగ్గం పని వెతుక్కుంటూ తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన పద్మశాలీలు వీరిలో ఎక్కువ. నగరపాలక సంస్థ ఇక్కడ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. సూరత్‌లోనే పుట్టి పెరిగినవారిని సైతం "మీదే ఊరు?" అని అడిగితే చాలామంది తాతల నాటి ఊరి పేరే చెబుతారు. ఉంటున్నది ఒక చోట, "మా ఊరు" అనేది మరో చోట.

ఇదే ప్రశ్న మీద ఒక దేశపు క్రీడా వ్యవస్థ మొత్తం నిలబడి ఉంది. ఐర్లండ్‌లో హర్లింగ్, గేలిక్ ఫుట్‌బాల్ ఆడేవాడిది ఏ జట్టో తేల్చేది వేలంపాట కాదు, అతని ఊరు. ఎంత బాగా ఆడినా జీతం ఉండదు. ఇలా నడిచే గ్రామ క్లబ్బులు ఆ ద్వీపంలో ప్రతి మూలా ఉన్నాయి. వాటిలో బాగా పేరున్న వాటిలో ఒకటి డెర్రీ కౌంటీలోని స్లాట్‌నీల్. పట్నం అనదగ్గది ఏదీ లేని కొండవాలు పల్లె అది. ఆ క్లబ్ ఎలా పుట్టింది, ఎలా ఎదిగింది, వలసల కాలంలో అలాంటి క్లబ్బులు ఎదుర్కొంటున్న ప్రశ్న ఏమిటి అన్నది చూద్దాం.

రెండు ఆటలు

హర్లింగ్‌ను చూడగానే మనకు హాకీ గుర్తొస్తుంది. కానీ ఇక్కడ బంతి నేల మీద కంటే గాలిలోనే ఎక్కువగా ఉంటుంది. యాష్ చెట్టు కలపతో చేసిన, చివర వెడల్పుగా ఉండే కర్రను హర్లీ అంటారు. చిన్న తోలు బంతిని స్లిటర్ అంటారు. బంతిని కర్ర మీద నిలబెట్టుకుని పరుగెత్తవచ్చు, చేత్తో పట్టుకోవచ్చు, గాలిలో ఉండగానే కొట్టవచ్చు. ఇదే ఆటను మహిళలు ఆడితే కమోగీ అంటారు. హర్లింగ్, కమోగీలను యునెస్కో 2018లో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

గేలిక్ ఫుట్‌బాల్ మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. దీనిలో బంతిని చేతులతో పట్టుకోవచ్చు, పిడికిలితో కొట్టి సాటి ఆటగాడికి అందించవచ్చు, కాలితో తన్నవచ్చు. రెండు ఆటల్లోనూ జట్టుకు 15 మంది. గోల్ స్తంభాలు ఇంగ్లిష్ 'హెచ్' అక్షరం ఆకారంలో ఉంటాయి. అడ్డకర్ర కింద నుంచి వలలోకి పంపితే గోల్, అంటే 3 పాయింట్లు. పై నుంచి పంపితే 1 పాయింటు. అందుకే స్కోరు 1-9 అని రాస్తే ఒక గోల్, 9 పాయింట్లు, మొత్తం 12 అని అర్థం. ఫుట్‌బాల్‌లో 2025 నుంచి, 40 మీటర్ల వలయం బయటి నుంచి కొట్టి అడ్డకర్ర దాటిస్తే 2 పాయింట్లు ఇస్తున్నారు.

1884: ఆటలోనూ స్వపరిపాలన

1845లో మొదలైన బంగాళాదుంప కరువు ఐర్లండ్ పల్లెలను ఖాళీ చేసింది. 1841లో 81 లక్షలకు పైగా ఉన్న జనాభా 1851 నాటికి సుమారు 65 లక్షలకు పడిపోయింది. ఆకలితో, జ్వరాలతో చనిపోయినవారు పోగా, మిగిలినవారిలో లక్షల మంది ఓడలెక్కారు. ఊళ్లతో పాటు ఊరి ఆటలూ చితికిపోయాయి. పట్నాల్లో ఇంగ్లండ్ ఆటలకు, ఇంగ్లండ్ నియమాలకు ఆదరణ పెరిగింది.

ఈ స్థితిలో క్లేర్ కౌంటీకి చెందిన ఉపాధ్యాయుడు మైకేల్ క్యూసాక్, పేరున్న అథ్లెట్ మారిస్ డావిన్, మరికొందరు 1884 నవంబర్ 1న టిప్పరరీ కౌంటీ థర్ల్స్ పట్టణంలోని హేస్ హోటల్‌లో సమావేశమయ్యారు. అక్కడ పుట్టిందే గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్. డావిన్ దానికి తొలి అధ్యక్షుడు. ఆర్చ్‌బిషప్ థామస్ క్రోక్, జాతీయోద్యమ నాయకుడు చార్లెస్ స్టూవర్ట్ పార్నెల్, రైతు ఉద్యమ నేత మైకేల్ డావిట్ పోషకులుగా ఉన్నారు. చర్చి, రాజకీయం, రైతు పోరాటం మూడూ ఒకే ఆట వెనుక నిలిచాయి. మరుసటి ఏడాదే, 1885లో, మన దేశంలో కాంగ్రెస్ పుట్టింది. తర్వాత అనీ బిసెంట్ 1916లో ఇక్కడ స్థాపించిన హోమ్‌రూల్ లీగ్ పేరు కూడా ఐర్లండ్ నుంచి వచ్చినదే.

ఈ సంఘం చేసిన తెలివైన పని, కొత్త సరిహద్దులు గీయకపోవడం. చర్చి కింద ఉండే ఊరి సముదాయాన్ని ఐర్లండ్‌లో పారిష్ అంటారు. దాదాపుగా ఆ పారిష్‌నే క్లబ్‌కు హద్దుగా తీసుకున్నారు. ఆదివారం ఉదయం ప్రార్థనకు ఒక చోట చేరే మనుషులే మధ్యాహ్నం ఒక జట్టుగా మైదానంలోకి దిగారు. క్లబ్ పైన కౌంటీ, కౌంటీ పైన నాలుగు ప్రావిన్సులు, వాటి పైన అఖిల ఐర్లండ్ పోటీ. 1921లో దేశం రెండుగా విడిపోయి ఆరు కౌంటీలు బ్రిటన్ పాలనలోనే ఉండిపోయినా, ఈ సంఘం మాత్రం 32 కౌంటీలనూ ఒకే మైదానంగా చూసింది.

దానికి మూల్యం కూడా చెల్లించింది. 1920 నవంబర్ 21న డబ్లిన్‌లోని క్రోక్ పార్క్‌లో డబ్లిన్, టిప్పరరీ జట్ల మధ్య ఫుట్‌బాల్ మ్యాచ్ జరుగుతుండగా బ్రిటిష్ బలగాలు కాల్పులు జరిపాయి. 14 మంది చనిపోయారు. వారిలో టిప్పరరీ ఆటగాడు మైకేల్ హోగన్ ఒకరు. ఆ స్టేడియంలోని ఒక స్టాండ్‌కు ఇప్పటికీ ఆయన పేరే ఉంది.

స్లాట్‌నీల్: 1953 నుంచి

డెర్రీ కౌంటీ దక్షిణ భాగంలో, కార్న్‌టోహర్ కొండ పక్కన, మహెరా పట్టణానికి దగ్గరలో ఉంటుంది స్లాట్‌నీల్. ఇది ఉత్తర ఐర్లండ్‌లో, అంటే బ్రిటన్ పాలనలో ఉన్న ప్రాంతం. ఇక్కడి క్లబ్ 1953లో ఏర్పడింది. పూర్తి పేరు రాబర్ట్ ఎమ్మెట్స్, స్లాట్‌నీల్. బ్రిటిష్ పాలన మీద తిరుగుబాటు చేసి, 1803లో 25 ఏళ్ల వయసులో డబ్లిన్‌లో ఉరిశిక్షకు గురైన రాబర్ట్ ఎమ్మెట్ పేరు అది. మైదానం పేరు ఎమ్మెట్ పార్క్. ఇలా అమరవీరుల పేర్లు, క్రైస్తవ పునీతుల పేర్లు పెట్టుకోవడం ఈ క్లబ్బుల్లో చాలావాటిలో కనిపించే ఆనవాయితీ.

తొలి ఐదు దశాబ్దాల్లో ఫుట్‌బాల్‌లో ఈ క్లబ్‌కు కౌంటీ స్థాయి పెద్ద టైటిల్ దక్కలేదు. డెర్రీ సీనియర్ ఫుట్‌బాల్ చాంపియన్‌షిప్‌ను మొదటిసారి గెలిచింది 2004లో. అప్పటికి క్లబ్ వయసు 51 ఏళ్లు. మధ్యలో ఈ ప్రాంతం ఉత్తర ఐర్లండ్ సాయుధ ఘర్షణల మూడు దశాబ్దాలను చూసింది. ఆ కాలంలో గేలిక్ క్లబ్ అంటే ఆట మాత్రమే కాదు. కాథలిక్ పల్లెలకు అది సమావేశ మందిరం, భాషకు ఆసరా, తమది అనుకోగలిగిన ఒకే ఒక్క సంస్థ.

అసలు మార్పు 2013 తర్వాత కనిపించింది. డెర్రీ హర్లింగ్ టైటిల్‌ను ఆ ఏడాది నుంచి వరుసగా పదేళ్లకు పైగా స్లాట్‌నీలే గెలుస్తూ వచ్చింది. ఫుట్‌బాల్‌లో 2014 నుంచి 2017 దాకా వరుసగా నాలుగు కౌంటీ టైటిళ్లు వచ్చాయి. 2014లో ఒమాహ్ క్లబ్‌ను ఓడించి మొదటిసారి అల్స్టర్ ప్రావిన్స్ ఫుట్‌బాల్ చాంపియన్ అయింది. 2015 మార్చి 17న, సెయింట్ ప్యాట్రిక్ పండుగ రోజున, క్రోక్ పార్క్‌లో జరిగిన అఖిల ఐర్లండ్ క్లబ్ ఫైనల్‌లో మాత్రం గాల్వే కౌంటీకి చెందిన కోరొఫిన్ చేతిలో 1-14, 0-7 తేడాతో ఓడింది.

ఒకే సీజన్‌లో మూడు కిరీటాలు

ఈ క్లబ్ పేరు దేశమంతటా వినిపించింది 2016లో. ఆ ఏడాది అల్స్టర్ ప్రావిన్స్ టైటిళ్లను ఫుట్‌బాల్, హర్లింగ్, కమోగీ మూడింటిలోనూ స్లాట్‌నీల్ గెలిచింది. ఒకే ఏడాది ఈ మూడూ గెలిచిన మొదటి క్లబ్ ఇదే. హర్లింగ్‌లో అయితే అల్స్టర్ క్లబ్ టైటిల్ గెలవడం డెర్రీ కౌంటీ చరిత్రలోనే తొలిసారి. డెర్రీ ప్రధానంగా ఫుట్‌బాల్ కౌంటీ. హర్లింగ్‌లో పక్కనున్న ఆంట్రిమ్ కౌంటీ క్లబ్బులదే పైచేయిగా ఉండేది.

విశేషం ఏమిటంటే, ఫుట్‌బాల్ జట్టులోని చాలామందే హర్లింగ్ జట్టులోనూ ఆడతారు. చిన్న ఊరిలో రెండు ఆటలకు వేర్వేరు మనుషులు దొరకరు. ఒక ఆదివారం కర్ర పట్టుకున్నవాడే మరో ఆదివారం పెద్ద బంతి పట్టుకోవాలి. శిక్షకులు కూర్చుని మాట్లాడుకుని, ఏ వారం ఏ ఆటకు సాధనో పంచుకోకపోతే ఆటగాళ్ల ఒళ్లు నిలవదు. చాలా క్లబ్బుల్లో ఈ దగ్గరే గొడవలొచ్చి, రెండింటిలో ఒక ఆట వెనకబడిపోతుంది. స్లాట్‌నీల్ దాన్ని దాటగలిగింది.

2017 ఫిబ్రవరి, మార్చి నెలల్లో మూడు జట్లూ అఖిల ఐర్లండ్ పోటీల్లోకి దిగాయి. హర్లర్లు సెమీఫైనల్‌లో డబ్లిన్ క్లబ్ క్వాలా చేతిలో ఓడారు. ఫుట్‌బాల్ ఫైనల్‌లో కెర్రీ కౌంటీకి చెందిన డాక్టర్ క్రోక్స్ 1-9, 1-7తో, అంటే రెండే పాయింట్ల తేడాతో గెలిచింది. ఊరికి అఖిల ఐర్లండ్ కప్పు తెచ్చినది మహిళలు. కమోగీ జట్టు 2017, 2018, 2019 సంవత్సరాల్లో వరుసగా మూడుసార్లు అఖిల ఐర్లండ్ క్లబ్ చాంపియన్‌గా నిలిచింది.

ఫుట్‌బాల్‌లో అల్స్టర్ టైటిల్ 2017లో మళ్లీ వచ్చింది. హర్లింగ్‌లో 2017లో, 2019లో, ఆ తర్వాతా వచ్చింది. పురుషులకు అఖిల ఐర్లండ్ కప్పు మాత్రం అందలేదు. పక్కనే ఉన్న మహెరా పట్టణపు క్లబ్ గ్లెన్ 2024 జనవరిలో అఖిల ఐర్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ టైటిల్ గెలిచింది. పొరుగూరి గెలుపు స్లాట్‌నీల్‌కు ఎలా ఉంటుందో పల్లెల్లో కబడ్డీ ఆడినవారికి వేరే చెప్పనక్కర్లేదు.

క్లబ్ ఎలా నడుస్తుంది?

ఐర్లండ్‌లో ఇలాంటి క్లబ్బులు 2 వేలకు పైగా ఉన్నాయి. అన్నింటి నిర్మాణం దాదాపు ఒకటే. ఊళ్లో ఎవరైనా రుసుము కట్టి సభ్యులు కావచ్చు. ఏటా సర్వసభ్య సమావేశం జరిపి అధ్యక్షుడిని, కార్యదర్శిని, కోశాధికారిని ఎన్నుకుంటారు. మైదానం ఎవరి సొంత ఆస్తీ కాదు, ట్రస్టీల పేరిట సంఘం కోసం ఉంటుంది. ఖర్చులకు సభ్యత్వ రుసుములు, ఊరి లాటరీ, దుకాణదారుల విరాళాలు ఆధారం. ఆరేడేళ్ల పిల్లల నుంచి వయసుల వారీగా జట్లు ఉంటాయి. వారికి నేర్పేవాళ్లలో చాలామంది ఆ పిల్లల తల్లిదండ్రులు, పాత ఆటగాళ్లే.

డబ్బు తీసుకోకూడదన్నది పునాది నియమం. క్రోక్ పార్క్‌లో 80 వేల మంది ముందు ఆడిన వ్యక్తి మర్నాడు బడిలో పాఠం చెబుతుంటాడు, లేదా పొలంలో ఉంటాడు. కౌంటీ స్థాయి ఆటగాళ్లు 1999లో తమకంటూ ఒక సంఘం పెట్టుకున్నారు. ప్రయాణ ఖర్చులు, కొంత ప్రభుత్వ గ్రాంటు సాధించుకున్నారు. క్లబ్ ఆటగాడికి అదీ లేదు. క్లబ్ మారాలన్నా ఇష్టం వచ్చినట్టు కుదరదు. నివాసం మారినట్టు చూపించి కౌంటీ కమిటీ అనుమతి తెచ్చుకోవాలి.

స్లాట్‌నీల్ ప్రాంతంలో దీనికి మరో పోగు తోడైంది. అది ఐరిష్ భాష. ఈ కొండప్రాంతంలో ఐరిష్ మాట్లాడేవారు 20వ శతాబ్దంలో దాదాపు కనుమరుగయ్యారు. 1990ల తొలినాళ్లలో కార్న్‌టోహర్ సమాజ సంఘం పుట్టింది. మొదట శిశుబడి, తర్వాత ప్రాథమిక బడి ఐరిష్ మాధ్యమంలో వచ్చాయి. అక్కడ చదివిన పిల్లలే క్లబ్ జట్లలోకి వచ్చారు. బడిలో నేర్చిన భాషకు బడి బయట వాడుక దొరికింది మైదానంలో. పాఠ్యపుస్తకం దాటని భాష నిలవదని తెలిసిన తెలుగు కుటుంబాలకు, ముఖ్యంగా ఇతర రాష్ట్రాల్లో ఉన్నవారికి, ఇది గమనించదగ్గ విషయం.

మూసిన తలుపులు

ఈ చరిత్రను పూర్తిగా మెచ్చుకోలుగా చెబితే సగమే చెప్పినట్టు. ఈ సంఘం చాలాకాలం మనుషులను బయట కూడా ఉంచింది. క్రికెట్, రగ్బీ, సాకర్, హాకీ లాంటి "విదేశీ ఆటలు" ఆడినా, చూడటానికి వెళ్లినా సభ్యత్వం పోయేది. ఆ నిషేధం 1971లో గానీ తొలగలేదు. బ్రిటిష్ సైనికులు, ఉత్తర ఐర్లండ్ పోలీసులు సభ్యులు కాకూడదన్న నియమం 2001 దాకా ఉంది. క్రోక్ పార్క్‌లో సాకర్, రగ్బీ ఆడనిచ్చేందుకు 2005లో ఓటింగ్ జరగాల్సి వచ్చింది. ఉత్తర ఐర్లండ్‌లో ప్రొటెస్టెంట్ కుటుంబాల పిల్లలు ఈ క్లబ్బుల్లో ఇప్పటికీ తక్కువే. తిరుగుబాటుదారుల పేర్లు పెట్టుకున్న క్లబ్బులు తమవి ఎలా అవుతాయన్నది వారి ప్రశ్న.

మహిళలదీ వేరే కథ. కమోగీ సంఘం 1904లో, మహిళల గేలిక్ ఫుట్‌బాల్ సంఘం 1974లో విడిగా పుట్టాయి. మైదానం ఒకటే అయినా పాలన, బీమా, ఖర్చులు వేర్వేరు. మూడు సంఘాలనూ 2027 నాటికి ఒకటి చేయాలన్న ప్రయత్నం సాగుతోంది. స్లాట్‌నీల్‌కు అఖిల ఐర్లండ్ కప్పు తెచ్చింది మహిళలేనన్నది ఇక్కడ మరిచిపోకూడదు.

కబడ్డీ వేరే దారి పట్టింది

మన దగ్గరా ఊరి ఆటలకు నియమాలు రాసే పని దాదాపు అదే స్ఫూర్తితో మొదలైంది. సూరత్‌కు ఉత్తరాన ఉన్న బరోడాలో హింద్ విజయ్ జింఖానా 1923లో కబడ్డీ నియమాలను ఖరారు చేసి, అఖిల భారత పోటీ నిర్వహించింది. తెలుగు పల్లెల చెడుగుడు, మహారాష్ట్ర హుతుతు లాంటి స్థానిక రూపాలు క్రమంగా ఒకే ఆటగా మారాయి. 1950లో జాతీయ సమాఖ్య ఏర్పడింది. 1990లో ఆసియా క్రీడల్లో చోటు దక్కింది. 2014లో ప్రో కబడ్డీ లీగ్ మొదలైంది. 2023 వేలంలో తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ను 2.60 కోట్ల రూపాయలకు పైగా పెట్టి కొనుక్కుంది.

పల్లెల నుంచి వచ్చిన ఆటగాళ్లకు ఈ లీగ్ బతుకుదెరువు ఇచ్చింది. అది చిన్న విషయం కాదు. ఐర్లండ్ పద్ధతిలో అలాంటి ఆటగాడికి చప్పట్లు తప్ప ఏమీ దక్కేవి కావు. కానీ జట్టుకు ఊరితో ఉన్న బంధం మాత్రం తెగింది. తెలుగు టైటాన్స్ ఆటగాళ్లలో తెలుగువారు ఎందరన్నది ఎవరూ పట్టించుకునే విషయం కాదు. ఇక కింది స్థాయిలో, దసరాకో సంక్రాంతికో దాతల డబ్బుతో టోర్నీలు జరుగుతాయి. పండుగకు ముందు జట్టు పుడుతుంది, పండుగ అయ్యాక చెదిరిపోతుంది. ఏడాది పొడవునా ఉండే సభ్యత్వం, సంఘం పేరిట ఉన్న మైదానం, ఏడేళ్ల పిల్లలకు జట్టు మన పల్లెల్లో అరుదు. పైన లీగ్ ఉంది, కింద పండుగ ఉంది. మధ్యలో ఉండాల్సిన క్లబ్బే లేదు.

మనుషులు లేని ఊళ్లో జట్టెలా?

ఊరిని నమ్ముకున్న పద్ధతికి ఊరే బలహీనత. 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత ఐర్లండ్ పల్లెల నుంచి యువకులు ఆస్ట్రేలియా, కెనడా, బ్రిటన్ దారి పట్టారు. జట్టుకు 15 మంది దొరకని క్లబ్బులు పిల్లల స్థాయిలో పొరుగు క్లబ్బులతో కలిసి ఉమ్మడి జట్లు దించుతున్నాయి. డబ్లిన్‌లోనో బెల్‌ఫాస్ట్‌లోనో ఉద్యోగం చేస్తున్నవారు వారం మధ్యలో సాధన కోసం గంటల తరబడి కారు నడుపుకుంటూ ఊరికి వస్తారు. మరోవైపు డబ్లిన్ శివార్లలో కిల్మకడ్ క్రోక్స్ లాంటి క్లబ్బులకు వేలమంది సభ్యులున్నారు. కాగితం మీద ఈ రెండూ సమానమైన క్లబ్బులే.

వలస వెళ్లినవారు ఆటను వెంట తీసుకెళ్లారు. లండన్, న్యూయార్క్, బోస్టన్, సిడ్నీ, దుబాయ్‌లలో గేలిక్ క్లబ్బులున్నాయి. కొత్త ఊళ్లో దిగిన కుర్రాడికి గది, పని వెతికిపెట్టేది చాలాసార్లు ఆ క్లబ్బే. సూరత్‌లో ఈ పనిని తెలుగువారికి ప్రధానంగా కుల సంఘాలు, గుడి కమిటీలు, బతుకమ్మ వేడుకలు జరిపే బృందాలు చేస్తూ వచ్చాయి.

ఐర్లండ్‌కు ఇప్పుడు వలస ఎదురు దిశలోనూ సాగుతోంది. 2022 జనగణన ప్రకారం అక్కడ 45 వేలకు పైగా భారత పౌరులు ఉన్నారు. నర్సులుగా, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులుగా వెళ్లిన కుటుంబాల పిల్లలు స్థానిక క్లబ్బుల్లో కర్ర పట్టుకుంటున్నారు. వారిని చేర్చుకోవడానికి తాతల ఊరు అడగాల్సిన పని లేదు. ఉంటున్న ఇల్లు క్లబ్ హద్దుల్లో ఉంటే చాలు. చాలా క్లబ్బులకు ఇది కొత్త అనుభవం, కానీ నియమం మాత్రం పాతదే.

ఊరంటే పుట్టుక కాదు, నివాసం అన్నదే ఆ నియమం. కులం, వంశం, మతం చూడకుండా హద్దుల్లో ఉన్న పిల్లలందరినీ ఒక జట్టు చేస్తేనే చిన్న ఊరికి 15 మంది దొరుకుతారు. స్లాట్‌నీల్ లాంటి పల్లె ఏడు దశాబ్దాలుగా నిలబడటానికి పెద్ద ఆటగాళ్లు ఎంత కారణమో, ఈ చిన్న లెక్క కూడా అంతే కారణం. లింబాయత్‌లో తెలుగు, మరాఠీ, ఒడియా, హిందీ మాట్లాడే పిల్లలు ఒకే వీధిలో ఆడుకుంటున్నారు. వారి తాతల ఊళ్లు వేరు కావచ్చు. ఆడే నేల మాత్రం ఒకటే. ఆ నేల పేరుతో ఒక జట్టు, ఆ జట్టుకు ఏడాదంతా తెరిచి ఉండే ఒక మైదానం ఉంటే, "మీదే ఊరు?" అన్న ప్రశ్నకు వచ్చే తరం ఇచ్చే జవాబు మారవచ్చు.